గైడ్‌ని ఎంచుకోవాలి: హెచ్-ఇండెక్స్ 34 ఉన్న సార్ దగ్గరా, 9 ఉన్న మేడమ్ దగ్గరా?

మైపాడు_అల
జువాలజీలో ఎమ్మెస్సీ అయింది, సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ ఫెలోషిప్ కూడా వచ్చింది. మాది ఇందుకూరుపేట మండలం. ఇంట్లో రొయ్యల గుంటలే చేస్తారు కాబట్టి రొయ్యల జబ్బుల మీదే పీహెచ్‌డీ చేయాలని మొదట్నించీ నా కోరిక. ఇద్దరు తీసుకుంటామన్నారు. సార్‌కి గూగుల్ స్కాలర్‌లో 210 పేపర్లు, 5,800 సైటేషన్లు (అంటే వేరే పేపర్లలో వాటిని ఉదహరించిన లెక్క), హెచ్-ఇండెక్స్ 34. మేడమ్‌కి 27 పేపర్లు, 410 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 9. సార్ పేరు ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల లిస్టులో వచ్చింది, న్యూస్ పేపర్లో ఫొటో కూడా పడింది. ఇంట్లో అందరూ "ఇంకా ఆలోచన ఎందుకు, సార్ దగ్గర చేరు" అంటున్నారు. మేడమ్ పనేమో రొయ్యల్ని పెరగనివ్వని ఇహెచ్‌పీ అనే క్రిమి మీద, అచ్చంగా నేను చేయాలనుకున్నదే. ఆమెతో చాలాసేపు మాట్లాడాను, నచ్చింది. కానీ 34 ఎక్కడ, 9 ఎక్కడ? రేపు ఉద్యోగానికి పోతే గైడ్ ఎవరని అడుగుతారు గదా. ఈ నంబర్లని ఎట్టా చూడాలో తెలిసినవాళ్ళు చెప్పండి. పేర్లు మాత్రం అడగొద్దు.

చేపలపులుసు
34. ఇందులో చర్చ ఏముంది?

పినాకిని77
హెచ్-ఇండెక్స్ అంటే ఏందో ముందు ఎవరైనా చెప్పండబ్బా. నాకు హెచ్‌బీ తెలుసు, హెచ్‌ఐవీ తెలుసు, ఇది కొత్త.

లైబ్రరీ_మూర్తి
పినాకినీ, ఒకరి పేపర్లన్నీ సైటేషన్లు ఎక్కువున్న వరుసలో పేర్చు. కనీసం 9 సైటేషన్లున్న పేపర్లు 9 ఉన్నాయి, పదోదానికి మాత్రం 10 రాలేదు అనుకో, ఆయన హెచ్ 9. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ దీన్ని పెట్టాడు. ఒక్క పేపర్‌తో పేరొచ్చినవాడినీ, ఎవరూ చదవని పేపర్లు కుప్పలుగా రాసేవాడినీ విడగొట్టి చూడాలని ఆయన ఉద్దేశం. అంతవరకు బాగానే ఉంది. కానీ అది పెరగడమే గానీ తగ్గడం ఉండదు. సర్వీసు ఎక్కువైనకొద్దీ పెరుగుతుంది, పని ఆపేసినా పెరుగుతుంది. పేపర్ మీద ఇరవైమంది పేర్లుంటే ఇరవైమందికీ సమానంగా లెక్క పడుతుంది. కాబట్టి అమ్మాయ్, ఆ సార్ సర్వీసు ఎన్నేళ్ళు, మేడమ్ సర్వీసు ఎన్నేళ్ళు? అది చెప్పకుండా 34, 9 పక్కపక్కన పెట్టడం కుదరదు.

మైపాడు_అల
సార్ మొదటి పేపర్ 1996లో ఉంది. మేడమ్‌ది 2010లో.

లైబ్రరీ_మూర్తి
చూశావా, 14 ఏళ్ళ తేడా. ఇంకోటి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, సెమినార్ పుస్తకాలు, ప్రీప్రింట్లు (అచ్చుకి ముందే నెట్‌లో పెట్టే పేపర్లు) అన్నిట్లోంచీ సైటేషన్లు ఏరుకొస్తుంది. అదే మనిషికి ఎంపిక చేసిన పత్రికల్నే లెక్కేసే స్కోపస్‌లోనూ వెబ్ ఆఫ్ సైన్స్‌లోనూ సంఖ్య తగ్గుతుంది. ఇద్దరినీ ఒకే చోట చూడు. ఒకరిది స్కాలర్‌లో, ఇంకొకరిది స్కోపస్‌లో చూస్తే కొలత చెడిపోయినట్టే.

ఒంగోలు_గిత్త
పీహెచ్‌డీ అయ్యాక పోస్ట్‌డాక్ చేస్తున్నాను, ఇంటర్వ్యూలు రెండు వైపుల నుంచీ చూశాను. ఉన్నమాట చెప్తా. నంబర్లని తిట్టడం తేలిక. సిఫార్సు లేనివాడికి, కులం బలం లేనివాడికి, ఇంగ్లీషు గడగడా మాట్లాడలేనివాడికి చేతిలో ఉండేది ఆ నంబర్లే. కమిటీలో పెద్దాయన "ఈ అబ్బాయి మనోడు" అన్నప్పుడు అవతలివాడు తన పేపర్లు, సైటేషన్లు చూపించి నిలబడగలడు. నంబర్లు తీసేస్తే ఆ జాగాలోకి వచ్చేది మంచి మనసు కాదు, ఫోన్ కాల్. అందుకే 34ని తేలిగ్గా తీసిపారేయొద్దు.

పాత_జువాలజీ
గిత్త చెప్పినదాంట్లో నిజం ఉంది, కాదనను. కావలిలో డిగ్రీ పిల్లలకి ముప్ఫై ఏళ్ళకి పైగా పాఠం చెప్పి రిటైరయ్యాను, సిఫార్సు ఉద్యోగాలు కళ్ళారా చూశాను. కానీ తల్లీ, నువ్వు ఉద్యోగం ఇవ్వట్లేదు, గురువుని వెతుక్కుంటున్నావు. రెండూ ఒకటి కాదు. ఉద్యోగం ఇచ్చేవాడికి వందమందిని వడపోయడానికి నంబర్ కావాలి. నీ ముందు ఉన్నది ఇద్దరే. ఇద్దరి పేపర్లూ తెరిచి చదువుకునే తీరిక నీకుంది.

ఒక సంగతి చెప్తాను. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఫిస్కే కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ని రంగుని బట్టి కొలిచే పద్ధతి రాశారు. ఈ రోజుకీ బయోకెమిస్ట్రీ లాబుల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటూనే ఉంటారు, వందేళ్ళుగా సైట్ చేస్తూనే ఉన్నారు. హెచ్-ఇండెక్స్ లెక్కలో ఆ పేపర్ విలువ ఎంత? ఒకటి. పది సైటేషన్లున్న పేపర్ కూడా ఒకటే, ఇదీ ఒకటే.

చేపలపులుసు
సార్, అదే మొత్తం సైటేషన్లు చూస్తే ఆయన పైన ఉంటాడుగా? అప్పుడు హెచ్ వదిలేసి సైటేషన్లే చూడాలి.

పాత_జువాలజీ
దానికీ తిరకాసు ఉంది నాయనా. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ సైటేషన్లున్నది 1951లో లౌరీ రాసిన ప్రోటీన్ కొలిచే పేపర్. 3 లక్షలు దాటాయి. నీలం రంగు వచ్చే ఆ ప్రయోగం మా డిగ్రీ పిల్లలంతా చేశారు. అది వాడే సరంజామా కాబట్టి వాడిన ప్రతివాడూ పేరు రాస్తాడు. డీఎన్ఏ ఆకారం కనిపెట్టిన పేపర్‌కి అన్ని లేవు. అంతమాత్రాన ప్రోటీన్ కొలవడం డీఎన్ఏ కంటే గొప్ప పని అంటామా?

గుంటకాడ_రైతు
మీ చదువుల సంగతి నాకు తెలియదు గానీ ఇహెచ్‌పీ అన్నారు కాబట్టి రాస్తున్నా. అల్లూరు దగ్గర వనామీ రొయ్య వేస్తాను. తెల్లమచ్చ జబ్బు వస్తే రొయ్య కట్టకి వచ్చి చచ్చిపోతుంది, తెలిసిపోతుంది. ఇహెచ్‌పీ అట్టా కాదు. చావదు, మేత తింటానే ఉంటుంది, పెరగదు. వల వేస్తే ఒకటి వేలంత, ఒకటి అగ్గిపుల్లంత. మేత ఖర్చు పోయింది, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలనే సైజు లెక్క) రాలేదు. అప్పుడు ఒక మేడమ్ వచ్చి రొయ్య తల విప్పి లోపలి ఆకుపచ్చ ముద్ద తీసుకుని పోయి పీసీఆర్ చేయించి చెప్పింది. గుంట ఎండగట్టి, నేల దున్ని, హెక్టారుకి 6 టన్నుల లెక్కన కాల్చిన సున్నం వేసి తడిపి వదలమంది. సీడ్ తెచ్చే ముందు ప్రతి హేచరీ లాటూ పరీక్ష చేయించమంది. తర్వాత పంట నిలబడింది. ఆ మేడమ్ మీరు చెప్పే మేడమ్ అవునో కాదో తెలియదు. ఆ సున్నం మాట మీ సైటేషన్ లెక్కలో ఏ గడిలో పడుతుంది?

ఒంగోలు_గిత్త
ఏ గడిలోనూ పడదు అన్నా, పడకూడదు కూడా అంటాను. అది విస్తరణ సేవ, గొప్ప పని, దానికి వేరే గుర్తింపు ఉండాలి. పరిశోధన రికార్డు అంటే వేరే శాస్త్రవేత్తలు వాడుకున్న కొత్త సంగతి. రెండూ కలిపేస్తే మళ్ళీ "మంచోడు, మనోడు" దగ్గరికే వస్తాం.

గుంటకాడ_రైతు
కొత్త సంగతి కాకుండానే నా గుంట బాగుపడిందా తమ్ముడూ?

లైబ్రరీ_మూర్తి
ఇద్దరూ కొంచెం ఆగండి. ఆ సున్నం సలహా కూడా ఒక పరిశోధన నుంచే వచ్చింది. ఇహెచ్‌పీ బీజాల గోడ మందం. నేల క్షారం బాగా పెరిగి పీహెచ్ 12 దాకా పోతే గానీ అవి దెబ్బతినవు, అందుకే అంత సున్నం. దాన్ని మొదట కనిపెట్టినవాళ్ళకి సైటేషన్ వస్తుంది, అల్లూరులో గుంట గట్టు మీద నిలబడి చెప్పినావిడకి రాదు. ఆ క్రిమికి పేరు పెట్టి వివరంగా రాసింది 2009లో, థాయ్‌లాండ్ వాళ్ళు, అదీ టైగర్ రొయ్యలో. అప్పట్లో దాన్ని పెద్ద జబ్బుగా ఎవరూ లెక్కచేయలేదు. వనామీ చెరువులకి పాకాక అందరూ ఆ పేపర్‌నే తిరగేస్తున్నారు. 2011లో ఎవరైనా ఆ పేపర్ సైటేషన్లు లెక్కపెట్టి తీర్పు చెప్పి ఉంటే ఏమయ్యేది?

కందుకూరు_కాఫీ
అందరూ తత్వంలోకి పోయారు. పనికొచ్చే మాట ఒకటి. అల, మేడమ్‌కి రిటైర్మెంట్ ఎప్పుడు? 2022 యూజీసీ నిబంధనల ప్రకారం మూడేళ్ళలోపు సర్వీసు మిగిలినవాళ్ళు కొత్త స్కాలర్లని తీసుకోకూడదు. ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మంది వరకే ఉండాలి. ఇద్దరి దగ్గరా నిజంగా ఖాళీ ఉందో లేదో కనుక్కో. మాటిచ్చి తర్వాత వెయిటింగ్‌లో పెట్టినవాళ్ళని చూశాను.

మైపాడు_అల
మేడమ్‌కి ఇంకా చాలా సర్వీసు ఉంది. ఇద్దరు స్కాలర్లే ఉన్నారు. సార్ దగ్గర ఏడుగురు, నేను ఎనిమిదో దాన్ని.

ఉదయగిరి_కొండ
ఎనిమిదో మనిషి అంటే ఏందో నేను చెప్తా అక్కా. పెద్ద రికార్డున్న లాబ్‌లోనే చేశాను, ఎక్కడో చెప్పను. గైడ్ మొహం కనిపించేది సంతకం కావాల్సినప్పుడు. నా చేతులతో చేసిన పనికి పేపర్ వచ్చింది, అందులో నా పేరు నాలుగోది. నాకంటే ముందున్న ముగ్గురిలో ఒకరు లాబ్‌లోకి ఏనాడూ అడుగుపెట్టలేదు. "తర్వాతి పేపర్లో నిన్ను ముందు పెడతాలే" అన్నారు. ఆ తర్వాతి పేపర్ రానేలేదు. హెచ్-ఇండెక్స్ పెరిగింది, నాది కాదు.

కందుకూరు_కాఫీ
అందరూ అట్టా ఉండరు కొండా. మా గైడ్‌కి హెచ్ 40 పైనే. నా డ్రాఫ్ట్ ప్రతి పేరా ఎర్ర పెన్నుతో దిద్దేవారు. ఆయన హెచ్ అంత ఎందుకుందో ఆ దిద్దుబాటు చూస్తే అర్థమయ్యేది. పెద్ద నంబరంటే మోసం అనుకోవడం కూడా అన్యాయమే.

ఉదయగిరి_కొండ
మోసం అన్లేదు. నాకు జరిగింది చెప్పాను.

లైబ్రరీ_మూర్తి
కొండ చెప్పినదాంట్లోంచే అలకి పని దొరుకుతుంది. పేరు ఏ స్థానంలో ఉందో చూడు. మన రంగంలో మామూలుగా చేతులతో పని చేసినవాళ్ళ పేరు మొదట, లాబ్ నడిపినవాళ్ళ పేరు చివర లేదా కరస్పాండింగ్‌గా (పేపర్ గురించి ఉత్తరాలకి జవాబిచ్చే రచయితగా) ఉంటుంది. యూజీసీ 2018 నిబంధనల్లో కూడా ఇద్దరికంటే ఎక్కువమంది ఉంటే మొదటి రచయితకీ కరస్పాండింగ్ రచయితకీ 70 శాతం పాయింట్లు, మిగతావాళ్ళకి 30 శాతమే. సార్ పేపర్లలో ఆయన నడిమధ్యలో ఎన్నిట్లో ఉన్నారు, చివర ఎన్నిట్లో ఉన్నారు లెక్కేయి. ముఖ్యంగా ఆయన స్కాలర్లు మొదటి పేరుగా ఉన్న పేపర్లు ఎన్ని? థీసిస్‌లు దాచే శోధ్‌గంగ సైట్‌లో ఇద్దరి పేర్లూ కొట్టు, వాళ్ళ దగ్గర పూర్తయిన థీసిస్‌లు కనిపిస్తాయి. ఆ పిల్లల పేర్లు పట్టుకుని వాళ్ళిప్పుడు ఏం చేస్తున్నారో కనుక్కో.

ఆ టాప్ 2 శాతం లిస్టు గురించి కూడా చెప్పేస్తా, ప్రతి ఏడూ మన న్యూస్ పేపర్లలో అవార్డులాగా వేస్తున్నారు. స్టాన్‌ఫర్డ్‌లో అయోనిడిస్ అనే ప్రొఫెసర్ బృందం స్కోపస్ డేటాతో తయారుచేసే పట్టిక అది. ఎవరూ కూర్చుని ఎవరినీ ఎంపిక చేయరు, ఫార్ములాయే లెక్కేస్తుంది. అయితే వాళ్ళు పని శ్రద్ధగానే చేస్తారు. పేరు మొదటా చివరా ఉన్నదానికి విడిగా విలువ ఇస్తారు, సొంత సైటేషన్లు తీసేస్తే ర్యాంకు ఎంతో కూడా పక్కనే చూపిస్తారు. రెండు పట్టికలుంటాయి, ఒకటి మొత్తం కెరీర్‌ది, ఒకటి ఆ ఒక్క సంవత్సరానిది. సార్ పేరు ఏ పట్టికలో ఉందో చూడు.

చేపలపులుసు
సొంత సైటేషన్లు అంటే తన పేపర్లో తన పాత పేపర్నే చూపించుకోవడమా? మా వీధిలో ఒకాయన ఏ పెళ్ళికి పోయినా తన కొడుకు పెళ్ళి గురించే చెప్తాడు, అట్టాంటిదే అయితే కనిపించగానే కొట్టేయాలి.

పాత_జువాలజీ
అన్నిసార్లూ తప్పు కాదు. కొత్త జాతుల్ని గుర్తించి వర్ణించే పని చేసేవాళ్ళు ఆ గుంపు మీద ప్రపంచంలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళ పాత పని వాళ్ళు చూపించక ఎవరు చూపిస్తారు? 2020లో జూటాక్సా అనే పత్రికని, అందులోని పేపర్లు అదే పత్రికని మరీ ఎక్కువగా సైట్ చేస్తున్నాయని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పత్రికలోని పేపర్లకి సగటున వచ్చే సైటేషన్లు) లిస్టు నుంచి తీసేశారు. ప్రపంచంలో కొత్త జంతుజాతుల వర్ణనలు పెద్ద ఎత్తున వచ్చే పత్రిక అది. వర్గీకరణ శాస్త్రవేత్తలు గొడవ చేస్తే కొద్దికాలానికే మళ్ళీ చేర్చారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసేదే వెనకటి రెండేళ్ళ పేపర్లని. మన కలివికోడి అనే పక్షిని కనిపెట్టింది జెర్డన్, దాన్ని 1848లో వర్ణించింది బ్లైత్. జెర్డన్ నెల్లూరులో డాక్టరుగా పనిచేసినవాడే. అది కనిపించకుండా పోయి మళ్ళీ దొరికింది 1986లో, కడప లంకమలలో. దాని మీద ఇప్పుడు రాసేవాళ్ళు కూడా బ్లైత్‌ని తలుచుకోవాల్సిందే. ఇట్టాంటి పనికి రెండేళ్ళ కిటికీ ఏం సరిపోతుంది!

పినాకిని77
నేను ఇప్పుడే స్కాలర్‌లో మన నెల్లూరు పేరు ఇంగ్లీషులో ఒక ఎల్ తగ్గించి కొట్టాను. అంతా ఆవులే! బ్రెజిల్ ఆవులు! ఎవరైనా చెప్పండి ఇదేందో.

ఒంగోలు_గిత్త
నా పేరు పెట్టుకున్నదే అందుకు. మన ఒంగోలు జాతి పశువులు ఓడల్లో బ్రెజిల్ పోయి అక్కడ నెలోర్ అయ్యాయి. వాళ్ళ మాంసం పశువుల్లో ఎక్కువ భాగం అవే. వాటి జన్యువుల మీద, మేత మీద, సంతానోత్పత్తి మీద అక్కడ పెద్ద సైన్యమే పనిచేస్తుంది. కాబట్టి ఆ జాతి మీద బ్రెజిల్‌లో మంచి పేపర్ రాస్తే సైట్ చేసేవాళ్ళు పక్క లాబ్‌లోనే ఉంటారు. అదే జాతి మీద ఇక్కడ ప్రకాశం జిల్లాలో ఎవరైనా రాస్తే చదివేవాళ్ళు ఎంతమంది? ఇది నా వాదనకే ఎదురుపోతుందని తెలుసు, అయినా చెప్పాలి. రంగం ఎంత పెద్దదో దాన్నిబట్టే సైటేషన్లు. కాన్సర్ మీద 34, రొయ్య జీర్ణగ్రంథిలో బతికే క్రిమి మీద 9, ఈ రెండింటినీ ఒకే గజంతో కొలవలేం. ఒకే రంగంలో, ఒకే వయసులో ఉన్న ఇద్దరి మధ్య మాత్రం నంబర్ చూడాలి, అక్కడ నా మాట మార్చను.

మైపాడు_అల
మూర్తి సార్ చెప్పినట్టు కూర్చుని చూశాను. సార్ పేపర్లలో సగానికి పైగా గత ఆరేళ్ళవే. ఒక్క 2022లోనే 31. అంటే నెలకి రెండున్నర. విషయాలు చూస్తే ఔషధ మొక్కలు, వెండి నానో కణాలు, కోవిడ్ డాకింగ్ (మందు వైరస్‌కి అతుక్కుంటుందా అని కంప్యూటర్‌లో చూడడం), చేపల మేత, బ్యాటరీ పదార్థం ఒకటి. అన్నిటికంటే ఎక్కువ సైటేషన్లున్నది ఒక రివ్యూ (వేరేవాళ్ళ పనుల సమీక్ష), రచయితలు 14 మంది, అందులో సార్ తొమ్మిదో పేరు. రొయ్యల మీద ఉన్నవి కొన్నే, అవి మాత్రం పాతవి, 2000 ముందూ వెనకా. చదివాను, నిజంగా బాగున్నాయి. తెల్లమచ్చ వచ్చిన కొత్తలో చెరువు చెరువూ తిరిగి చేసిన పని.

మేడమ్ 27లో 19 పేపర్లకి ఆమె స్కాలరో ఎమ్మెస్సీ పిల్లలో మొదటి పేరు. మెథడ్స్ భాగం చదివితే ఏ చెరువు, ఎన్ని నమూనాలు, ఏ ప్రైమర్, ఎక్కడ ఫెయిలైంది అన్నీ ఉన్నాయి. ఒక పేపర్లో తెల్లమలం కనిపించిన చెరువుల్లో కొన్నిట్లో అసలు ఇహెచ్‌పీయే లేదని రాశారు. మాకు కావాల్సింది అదేగా, మలం తెల్లగా పోతే ఇహెచ్‌పీ అనేసి మందులు అమ్మేస్తున్నారు మా ఊళ్ళో.

గుంటకాడ_రైతు
ఆ చివరి మాట పేపర్లో రాసినావిడకి నా దండం.

చేపలపులుసు
నెలకి రెండున్నర పేపర్లా? రాయడం సంగతి సరే, చదవడానికే టైమ్ చాలదు గదా. నా మొదటి పోస్ట్ వెనక్కి తీసుకుంటున్నా.

ఒంగోలు_గిత్త
పాతవాటి గురించి అల రాసింది గమనించండి. ఆ సార్‌ది మొదట్లో గట్టి పని. తర్వాత ప్రమోషన్లకీ ర్యాంకింగులకీ ఏడాదికి ఇన్ని అని కొలిచే రోజులొచ్చాయి, అందరూ కలిసి పేర్లు పంచుకోవడం మొదలైంది. మనిషిని తిట్టేముందు ఆ కొలత పెట్టినవాళ్ళని అడగాలి. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డోరా అని ఒక ప్రకటన చేశారు, పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని చూసి మనిషి విలువ కట్టొద్దని. మన దగ్గర ఇంటర్వ్యూ ఫారాల్లో ఆ గడి ఇంకా అట్టానే ఉంది.

ఉదయగిరి_కొండ
ఆ గడి ఉన్నంతకాలం బేరాలూ ఉంటాయి. "వారంలో పబ్లికేషన్, సర్టిఫికెట్ ఫ్రీ" అని నా వాట్సాప్‌కి ఇప్పటికీ వస్తాయి. మూడో రచయిత స్థానానికి ఒక రేటు, మొదటి స్థానానికి ఇంకో రేటు. అల అక్కా, ఎవరి దగ్గర చేరినా అట్టాంటి జర్నల్‌కి ఒక్క పేపర్ కూడా పంపొద్దు. నీ పేరు పక్కన ఎప్పటికీ ఉండిపోతుంది. 2022 నిబంధనల్లో థీసిస్ ఇవ్వడానికి పేపర్ తప్పనిసరి కూడా కాదు. యూనివర్సిటీ సొంత రూల్ ఏందో కనుక్కో, తొందరపడి డబ్బు కట్టకు.

పినాకిని77
మంచి జర్నల్ అని ఎట్టా తెలుస్తుంది? యూజీసీ లిస్టు ఉందిగా?

లైబ్రరీ_మూర్తి
మంచి పత్రికలని ఎంచిన ఆ యూజీసీ-కేర్ లిస్టుని 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. ఇప్పుడు ఎవరికి వాళ్ళే చూసుకోవాలి. నువ్వు చదివి నమ్మిన పేపర్లు ఏ పత్రికల్లో వచ్చాయో వాటికే పంపు, అంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. చదవడానికి డబ్బు సమస్య కూడా తగ్గింది. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ యూనివర్సిటీలకీ కాలేజీలకీ దాదాపు 13,000 పత్రికలు తెరిచారు. చాలామంది విద్యార్థులకి ఆ సంగతే తెలియదు. మీ లైబ్రరీలో లాగిన్ అడగండి, ఇవ్వకపోతే గట్టిగా అడగండి.

మైపాడు_అల
మేడమ్ దగ్గర పూర్తిచేసిన ఒకక్కతో ఫోన్‌లో మాట్లాడాను. "ఆమె కోప్పడుతుంది, పీసీఆర్ ఫలితం చూపే జెల్ ఫొటో కొంచెం మసకగా ఉంటే మళ్ళీ చేయిస్తుంది, పేపర్ రావడం ఆలస్యమవుతుంది, కానీ నీ పని నీ పేరు మీదే వస్తుంది" అంది. సార్ దగ్గర చదివిన ఒకరితో కూడా మాట్లాడాను. ఆయన పరిచయాలు పెద్దవి, విదేశాలకి ఉత్తరం రాస్తే పనవుతుంది అన్నారు. అది నిజమే అయుండొచ్చు, చిన్న విషయం కూడా కాదు. నాన్నతో కూర్చుని ఆ తెల్లమలం పేపర్ తెలుగులో చెప్పాను. సాంతం విని "ఈమె దగ్గర చేరు" అన్నాడు. మేడమ్‌కి మెయిల్ పెట్టేశాను.

ఒంగోలు_గిత్త
మంచిది. అయితే ఒక మాట, మేడమ్ నెమ్మదిగా పోతారు కాబట్టి రెండో ఏడాదికల్లా ఒక ప్రీప్రింట్ అయినా పెట్టేట్టు ఆమెతో ముందే మాట్లాడుకో. బయోఆర్కైవ్ అనే ప్రీప్రింట్ సైట్‌లో పెడితే తేదీతో సహా పని నీదని ఉంటుంది. పోస్ట్‌డాక్‌కి అప్లై చేసేటప్పుడు ఇంకా అచ్చుకాని పేపర్‌ని చూపించుకునే మంచి దారి అది.

పాత_జువాలజీ
గిత్తతో ఇంతసేపూ విభేదించాను గానీ ఈ సలహా బంగారం.

పినాకిని77
మూర్తి సార్, నా స్కాలర్ ప్రొఫైల్‌లో నాది ఒక్కటే పేపర్, కానీ 46 చూపిస్తోంది! అందులో కిడ్నీ ఆపరేషన్లు, వరి తెగుళ్ళు, సిమెంటు అన్నీ ఉన్నాయి.

లైబ్రరీ_మూర్తి
మన పేర్లతో వచ్చే తంటా అది. ఇంటిపేరు ఒక అక్షరం చేసి ముందు పెడతాం, వెనకాల అందరికీ అవే పది పేర్లు. స్కాలర్ ఆటోమేటిక్‌గా కలిపేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆటో అప్‌డేట్ తీసేసి, నీవి కానివి టిక్ చేసి డిలీట్ చేయి. వేరేవాళ్ళ సైటేషన్లు నీ ఖాతాలో ఉంచుకున్నావని రేపు ఎవరూ అనకూడదు. అల, నీకూ ఇదే. మొదటి పేపర్ పంపకముందే ఓర్కిడ్‌లో రిజిస్టర్ చేసుకో, ఉచితమే, 16 అంకెల నంబర్ ఇస్తారు, పెళ్ళయి ఇంటిపేరు మారినా ఆ నంబర్ మారదు. ఇంటిపేరు పూర్తిగా రాయాలా, ఒక్క అక్షరమే పెట్టాలా అన్నది ఇప్పుడే తేల్చుకుని అన్ని పేపర్లలోనూ అట్టానే రాయి.

మైపాడు_అల
పూర్తిగానే రాస్తాను సార్. ఈ రాత్రికే రిజిస్టర్ చేసుకుంటా.